తొలితరం తపాలా ఉద్యోగుల వంశీకుల వారసత్వ సంఘం: కల్వకుర్తి ప్రాంతంలో దాని ఆవశ్యకత, ఏర్పాటు విధానం

కల్వకుర్తి: హైదరాబాదు సంస్థానపు తపాలా బిళ్ళలను గురించి దేశవిదేశాల సేకర్తలు ఎంతో శ్రద్ధతో రాసి ఉంచారు. ఏ బిళ్ళ ఏ సంవత్సరంలో వెలువడినదో, ఏ రంగులో ముద్రితమైనదో, అంచున ఎన్ని రంధ్రాలున్నవో అన్నీ కేటలాగులకు ఎక్కినవి. అయితే ఆ బిళ్ళ అంటించిన జాబును సంచిలో వేసుకొని వాగులు దాటి, గుట్టలెక్కి కల్వకుర్తి తాలూకా పల్లెలకు చేర్చిన మనిషి పేరు ఏ కేటలాగులోను లేదు. ఆ పేరు ఎక్కడైనా మిగిలి ఉన్నదంటే అది అతని మనుమలు, మునిమనుమల ఇళ్ళలోనే. ఒక పాత సర్వీసు పుస్తకంలోనో, బదిలీ ఉత్తర్వు వెనుకనో, ఫోటో అడుగున ఉర్దూలో రాసిన రెండు ముక్కలలోనో, లేదా ఇంటి ముసలివారి జ్ఞాపకంలోనో ఉండవచ్చును.

ఇటువంటి కుటుంబాలవారు ఒకచోట చేరి, తమ పెద్దలకు సంబంధించిన కాగితాలను, వస్తువులను, జ్ఞాపకాలను భద్రపరచుకొనుటకు ఏర్పాటు చేసుకొనే నమోదిత సంస్థయే వంశీకుల వారసత్వ సంఘం. దాని అవసరమేమిటో, ఏ ఆధారాలు ఎక్కడ లభించునో, చట్టరీత్యా దానిని ఎట్లు నెలకొల్పుకొనవచ్చునో పాత్రికేయులకు, అధికారులకు తెలియజేయుటకు ఈ వ్యాసం ఉద్దేశించబడినది.

అంచె నుండి టప్పా వరకు

తెలుగులో 'అంచె' అన్న మాటకు ఒకరి నుండి ఒకరికి అందించే వరుస అని అర్థం. అంచెలంచెలుగా అని నేటికీ అంటున్నాము. పూర్వం దక్కనులో జాబులు నడచినది ఈ పద్ధతిలోనే. 14వ శతాబ్దంలో తుగ్లకుల రాజ్యంలో పర్యటించిన ఇబ్న్ బతూతా కాలినడక తపాలాను వర్ణిస్తూ, వార్తాహరుడు ఒక చేత జాబును, మరొక చేత రాగిగంటలు కట్టిన రెండు మూరల కర్రను పట్టుకొని పరుగెత్తేవాడని, ఆ గంటల సవ్వడి వినగానే తరువాతి అంచెవాడు సిద్ధంగా లేచి నిలిచేవాడని రాశాడు. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యానికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, ఈ దేశంలో గుర్రపు రౌతుకన్న కాలినడక బంటే వేగంగా జాబు చేర్చునని పేర్కొన్నాడు. దారి పొడవునా గుడిసెలు ఉండేవట. చేరుకున్నవాడు జాబును గుడిసెలోకి విసిరివేయడమే తప్ప ఎదుటివాని చేతికి ఇచ్చేవాడు కాడట, చేతికివ్వడం అపశకునమని వారి నమ్మకం. ఈ హర్కారాల వరుసయే తరువాతి తపాలా శాఖకు పునాది.

అసఫ్‌జాహీల పాలనలో, 1853 నుండి 1883 వరకు దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగ్ సంస్కరణల కాలంలో తపాలాకు శాఖారూపం వచ్చినది. 1865లో జిలాబందీ జరిగి జిల్లాలు, తాలూకాలు ఏర్పడినవి. తహసీలు కచేరీ, ఠాణా ఉన్న ప్రతి తాలూకా కేంద్రానికి రాజధాని నుండి కాగితాలు క్రమం తప్పక రావలసిన అవసరం ఏర్పడినది. 1869లో సంస్థానపు తొలి తపాలా బిళ్ళ వెలువడినది. 1871 నుండి చెలామణి అయిన బిళ్ళలపై ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీలతో పాటు తెలుగు అక్షరాలు కూడా ఉండుట మనవారు గమనించదగిన విషయం. రాజభాష ఫార్సీగా ఉన్న రోజులలో (1884లో గాని ఆ స్థానం ఉర్దూకు రాలేదు) చేతిలో పట్టుకొనే ఒక సర్కారు కాగితంపై తెలుగు కనిపించినదంటే, జాబు రాసేవారెవరో, అందుకొనేవారెవరో ఆ శాఖకు తెలుసునన్నమాట.

ప్రభుత్వ జాబులకు 'సర్కారీ' అని ఉర్దూలో ముద్ర వేసిన బిళ్ళలు వేరుగా ఉండేవి. 1931లో చార్మినారు, హైకోర్టు, ఉస్మాన్‌సాగర్, అజంతా గుహల ముఖద్వారం వంటి బొమ్మలతో ఒక వరుస వెలువడినది. 1937లో ఏడవ నిజాం రజతోత్సవ సందర్భంగా యునానీ ఆసుపత్రి, ఉస్మానియా ఆసుపత్రి, ఉస్మానియా విశ్వవిద్యాలయం, జూబిలీ హాలు బొమ్మలు వచ్చినవి. సంస్థానం చివరి రోజులలో వరంగల్ కోటలోని కాకతీయ తోరణం, గోల్కొండ కోట కూడా బిళ్ళలకెక్కినవి. కట్టడాలన్నీ వచ్చినవి గాని కాలినడక బంటు రాలేదు. అతనికి ఆ గౌరవం దక్కినది బ్రిటిషు ఇండియా బిళ్ళపైననే. 1937లో వెలువడిన రెండణాల బిళ్ళపై ఈటె భుజాన వేసుకొని పరుగెత్తుతున్న డాక్ రన్నర్ బొమ్మను చూడవచ్చును.

కల్వకుర్తి దారులు

కల్వకుర్తి నిజాం కాలంలో మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక తాలూకా కేంద్రం. అప్పటివరకు పాలమూరుగా ఉన్న జిల్లా కేంద్రానికి మహబూబ్‌నగర్ అన్న పేరు ఆరవ నిజాం పేరిట 1890లో వచ్చినది. హైదరాబాదు నుండి ఆమనగల్లు మీదుగా శ్రీశైలం వైపు పోయే దారి, జడ్చర్ల నుండి దేవరకొండ సీమ వైపు పోయే దారి ఇక్కడ కలుస్తవి. రైలు మార్గం జడ్చర్ల మీదుగా పోయినది గాని కల్వకుర్తికి రాలేదు. కనుక సంచి బండిపైనో, మోటారుపైనో, మనిషి భుజంపైననో రావలసినదే. తాలూకా కేంద్రం దాటిన తరువాత మాత్రం భుజమే దిక్కు.

ఈ మెట్ట భూములలో వేసవి దుమ్ముకన్న వర్షాకాలమే తపాలాకు గడ్డుకాలం. దుందుభి పొంగితే రెండు గట్లమీది ఊళ్ళకూ రాకపోకలు తెగిపోయేవి. దక్షిణాన అచ్చంపేట దాటితే నల్లమల అడవి. గజ్జెల ఈటె అలంకారం కోసం పుట్టినది కాదు. చప్పుడుతో పాములను, మృగాలను దారి నుండి తొలగించుట, రానున్న సంచిని గురించి ముందరి ఊరికి తెలుపుట, అవసరమైతే ఆత్మరక్షణ చేసుకొనుట అన్నీ దానితోనే.

మరొక విశేషం. సంస్థానపు బిళ్ళ సంస్థానపు ఎల్లల లోపలనే చెల్లేది. కృష్ణ, తుంగభద్రలకు ఆవలి కర్నూలు నాడు మద్రాసు రాష్ట్రంలోనిది. అంటే కల్వకుర్తి నుండి హైదరాబాదుకు పోయే జాబు స్వదేశీ జాబు, కర్నూలుకు పోయే జాబు పరాయి జాబు! దానికి బ్రిటిషు ఇండియా బిళ్ళ కావలసి వచ్చేది. నాణెం కూడా వేరే. ఇక్కడిది హాలీ సిక్కా, అక్కడిది కల్దారు. ఆరు కల్దారు రూపాయలకు సుమారు ఏడు హాలీ రూపాయలు. చదువు రాని రైతుకు ఈ లెక్కలన్నీ విడమరచి చెప్పి, చిల్లర తేడా రాకుండా చూసిన బాధ్యత ఆ బల్ల వెనుక కూర్చున్న చిన్న ఉద్యోగిదే.

సికింద్రాబాదు వంటి చోట్ల బ్రిటిషు ఇండియా తపాలా కార్యాలయాలు విడిగా పనిచేసేవి. 'మా తాత తపాలాలో చేసినాడు' అని చెప్పే కుటుంబం, అది సంస్థానపు తపాలాయా, ఇంపీరియల్ తపాలాయా అన్నది మొదట తేల్చుకొనవలెను. ఏ రికార్డు ఎక్కడ వెదకవలెనన్నది దానిపైననే ఆధారపడి ఉన్నది.

1950 ఏప్రిల్ 1

1948 సెప్టెంబరు 13 నుండి 17 వరకు జరిగిన పోలీసు చర్యతో హైదరాబాదు భారత యూనియనులో చేరినప్పటికీ సంస్థానపు తపాలా వెంటనే రద్దు కాలేదు. సంస్థానాల ఆర్థిక వ్యవహారాలపై వి.టి. కృష్ణమాచారి అధ్యక్షతన నియమితమైన కమిటీ సిఫారసుల మేరకు రైల్వేలు, ఆదాయపు పన్ను, తపాలా వంటి కేంద్ర విషయాలు 1950 ఏప్రిల్ 1 నుండి కేంద్రానికి బదిలీ అయినవి. ఆనాటితో నిజాం బిళ్ళల చెలామణి ముగిసినది. సంస్థానపు తపాలా సిబ్బంది భారత తంతి తపాలా శాఖలోకి వచ్చారు.

ఒక్క దినంలో బిళ్ళ మారినది. సిబ్బందికి మాత్రం భాష, నాణెం, పంచాంగం, ఫారాలు అన్నీ మార్చుకొనే పని చాలాకాలం సాగినది. ఉర్దూలో లెక్కలు రాసినవారు ఇంగ్లీషు ఫారాలు నింపవలసి వచ్చినది. ఈ సంధికాలపు అనుభవం ఏ వార్షిక నివేదికలోను సరిగా పట్టుబడే విషయం కాదు. ఆ తరంవారు దాదాపు వెళ్ళిపోయారు. వారి నోట విన్న సంతానం కూడా నేడు వృద్ధాప్యంలో ఉన్నారు. సంఘం ఏర్పాటు నేటి అవసరం అనుటకు మొదటి కారణం ఇదే.

పింఛను కాగితం లేనివారు

రెండవ కారణం మరింత లోతైనది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో 23,344 తపాలా కార్యాలయాలు ఉండగా నేడు ఆ సంఖ్య 1 లక్షా 60 వేలు దాటినది. వీటిలో దాదాపు పది పాళ్ళలో తొమ్మిది పాళ్ళు గ్రామాలలోనే ఉన్నవి. ఈ విస్తరణ ప్రధానంగా శాఖేతర ఏజెంట్ల పద్ధతి మీద జరిగినది. గ్రామంలో వేరే జీవనాధారం కలిగిన వ్యక్తిని, అంటే ఒక రైతునో, దుకాణదారునో, బడిపంతులునో ఎంపిక చేసి, రోజుకు కొద్ది గంటల పనికి కొద్దిపాటి భత్యం ఇచ్చి బ్రాంచి పోస్టుమాస్టరుగా నియమించేవారు. ఆఫీసుకు చోటు కూడా అతడే చూపవలెను. అనగా పల్లెలో తపాలా కార్యాలయమంటే ఆచరణలో ఒకరి ఇంటి అరుగు, ఒక చెక్కపెట్టె, ఒక తేదీ ముద్ర, గోడకు ఒక ఎర్రడబ్బా. సంచి మోసేవారిది, జాబులు పంచేవారిది కూడా ఇదే తరహా కొలువు.

ఈ శాఖేతర ఏజెంట్లు కూడా సివిల్ పోస్టులలో ఉన్నవారేనని, రాజ్యాంగంలోని 311వ అధికరణం రక్షణ వారికి వర్తించునని పి.కె. రాజమ్మ కేసులో సుప్రీంకోర్టు 1977లో తీర్పు చెప్పినది. 2001 నియమావళితో వారు గ్రామీణ డాక్ సేవకులు అయ్యారు. అయితే రెగ్యులరు ఉద్యోగుల పింఛను మాత్రం వారికి వర్తించలేదు.

చరిత్రకు దీనితో ఏమి సంబంధమని అడుగవచ్చును. ప్రభుత్వోద్యోగి చరిత్రను వెదకేవారికి ప్రధాన ఆధారం అతని పింఛను ఫైలు. పుట్టిన తేదీ, నియామకం, బదిలీలు, భార్య పేరు, వేలిముద్ర, ఫోటో అన్నీ అందులో ఉంటవి. పింఛను లేనివారికి ఆ ఫైలే ఉండదు. శాఖలోని ఇతర కాగితాలు నిర్ణీత గడువు తీరిన తరువాత తొలగించదగిన కోవలోనివి. కనుక పై మెట్టుమీది పోస్టుమాస్టరు, ఇన్స్పెక్టరుల జాడ దొరికినంతగా, అందరికన్న ఎక్కువ దూరం నడిచినవాని జాడ దొరకదు. ఈ లోటును తీర్చగల ఏకైక స్థానం అతని కుటుంబం.

పాలమూరు జిల్లాకు ఇది మరీ వర్తించును. ఈ జిల్లా నుండి మట్టిపనికి, ఆనకట్టల నిర్మాణానికి కూలీలు దేశం నలుమూలలకు వలస వెళ్ళిన సంగతి సుప్రసిద్ధం. 'పాలమూరు లేబరు' అన్నది ఒక వాడుక మాటయే అయినది. వారు పంపిన సొమ్ము మనియార్డరుగా బ్రాంచి పోస్టాఫీసుకు వచ్చేది. అందుకొనే తల్లికో, భార్యకో సంతకం రానప్పుడు వేలిముద్ర వేయించి, సాక్షి చేత సంతకం చేయించి సొమ్ము లెక్కపెట్టి ఇచ్చేవారు. వెంట వచ్చిన నాలుగు వాక్యాల సమాచారాన్ని చదివి వినిపించేదీ ఆ తపాలా మనిషే, తిరుగు జాబు రాసిపెట్టేదీ అతడే. ఊరిలో ఏ ఇంటివాడు ఏ ఆనకట్ట వద్ద ఉన్నాడో, ఎవరి నుండి మూడు నెలలుగా కబురు లేదో అతనికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. 1880లో ఆరంభమైన మనియార్డరు పాత రూపం 2015లో ముగిసినది. 2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ పథకం మొదటి విడతలోనే మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలలో ప్రారంభమైనప్పుడు కూలి సొమ్ము చెల్లింపులకు ఈ బ్రాంచి ఆఫీసులనే ఆశ్రయించడం జరిగినది. అప్పటికి వాటిపై పల్లెకున్న నమ్మకం రెండు మూడు తరాలది.

తెలుగు పాఠకునికి తపాలా బంట్రోతు అనగానే దేవరకొండ బాలగంగాధర తిలక్ కవిత స్ఫురించుట సహజం. అది గోదావరి సీమ కవి చూసిన పోస్టుమాను. పాలమూరు మెట్టల మీది రన్నరును గురించి కుటుంబాలు చెప్పుకొనే మాటలు ఇంకా కాగితం మీదికి రావలసి ఉన్నవి.

ఇంటిపెట్టెలో ఏముండవచ్చును

వారసుల వద్ద సాధారణంగా లభించగల వస్తువులు ఇవి: నియామక, బదిలీ ఉత్తర్వులు, సర్వీసు పుస్తకం నకలు, జామీను పత్రాలు, నడుము పట్టీ మీది ఇత్తడి బిళ్ళ, సంచి తాళం, పాత యూనిఫారంలో తీయించుకొన్న ఫోటో, పదవీ విరమణ సన్మాన పత్రం, తిరిగి వచ్చిన జాబులు, కవర్లు. శాఖకు చెందిన ముద్రలు, రిజిస్టర్లు ఎక్కడైనా ఇంట మిగిలిపోయి ఉంటే వాటిని ప్రభుత్వ ఆస్తిగానే భావించి తపాలా శాఖకు తెలియజేయుట సరియైన పద్ధతి.

ఈ కాగితాలకు చెదపురుగుకన్న పెద్ద శత్రువు కత్తెర. బిళ్ళ కోసం కవరును కత్తిరించి, మిగిలినది పారవేయుట నేటికీ జరుగుతున్నది. కాని జాబు ఎక్కడ బయలుదేరినది, ఏయే ఊళ్ళ ముద్రలు పడినవి, ఎన్ని రోజులకు చేరినది అన్నవి బిళ్ళలో లేవు, కవరు మీద ఉన్నవి. మారుమూల బ్రాంచి ముద్ర ఉన్న ఒక మామూలు కవరు ఆ ఊరి తపాలా చరిత్రకు తొలి ఆధారం కావచ్చును. దళారులు ఇంటింటికి తిరిగి పాత కవర్లను తూకానికి కొనుగోలు చేసే పక్షంలో, కనీసం రెండు వైపులా ఫోటో తీసుకొనకుండా ఇవ్వరాదని కుటుంబాలకు తెలియజెప్పుట అవసరం.

1972 నాటి పురావస్తువులు, కళాసంపదల చట్టం ప్రకారం చారిత్రక విలువ గల 75 సంవత్సరాలు దాటిన దస్తావేజులు, 100 సంవత్సరాలు దాటిన ఇతర వస్తువులు పురావస్తువులుగా పరిగణించబడును. వీటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపరాదు. నిజాం తపాలా కాలపు చారిత్రక దస్తావేజులు నేటికి ఈ 75 సంవత్సరాల గడువు దాటినవే.

తేదీల చిక్కు

నిజాం కాలపు కాగితాలను చదువబూనినవారికి మొదట ఎదురయ్యే అడ్డంకి లిపి, రెండవది తేదీ. తపాలాను ఉర్దూ కాగితాలలో 'టప్పా' అని, కార్యాలయాన్ని 'టప్పాఖానా' అని రాసేవారు. తేదీ ఫసలీ సంవత్సరంలో ఉండును. హైదరాబాదు ఫసలీ సంవత్సరం అక్టోబరు మొదటి వారంలో ఆజూర్ మాసంతో మొదలగును. ఆ తరువాత దై, బహ్మన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ ఇత్యాదిగా ఆబాన్ వరకు పన్నెండు మాసాలు. ఫసలీ అంకెకు 590 కలిపితే ఆ సంవత్సరం ప్రారంభమైన ఇంగ్లీషు సంవత్సరం వచ్చును. జనవరి దాటిన మాసాలకు 591 కలుపవలెను. ఉదాహరణకు 1345 ఫసలీ ఇస్ఫందార్ అనగా సుమారుగా 1936 జనవరి. దీనిని హిజ్రీగా పొరబడితే పదేళ్ళ తేడా వచ్చి, తాత ఉద్యోగంలో చేరిన తేదీ అతని బాల్యంలోకి జరిగిపోవును! కుటుంబ వృత్తాంతాలను ప్రచురించే పాత్రికేయులు ఈ ఒక్క విషయంలో జాగ్రత్త వహించగలరు.

హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ సంస్థలో మొఘలుల కాలం నుండి అసఫ్‌జాహీల వరకు ఫార్సీ, ఉర్దూ రికార్డులు భద్రపరచబడి ఉన్నవి. బ్రిటిషు ఇండియా తపాలాకు, 1950 తరువాతి కేంద్ర శాఖకు సంబంధించిన విధాన పత్రాల కొరకు న్యూఢిల్లీలోని జాతీయ ఆర్కైవ్స్‌ను సంప్రదించవలెను. తపాలా శాఖ వద్ద ఇంకా మిగిలి ఉన్న ఉద్యోగి వివరాలకు 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు చేయవచ్చును. 20 సంవత్సరాలు దాటిన సంఘటనల విషయంలో ఆ చట్టంలోని పలు మినహాయింపులు వర్తించవు. దరఖాస్తులో కార్యాలయం పేరు, సుమారు కాలం, హోదా స్పష్టంగా పేర్కొనకపోతే 'రికార్డు లభ్యం కాలేదు' అన్న సమాధానమే వచ్చే అవకాశం ఎక్కువ. ఈ వివరాలు మళ్ళీ కుటుంబం వద్దనే ఉండును గదా! పది కుటుంబాల కాగితాలు ఒకచోట చేరితే ఒకరి ఉత్తర్వులో మరొకరి తాత పేరు కనిపించుట అరుదు కాదు. ఒక్కొక్కరు విడివిడిగా వెదకుటకన్న సంఘంగా వెదకుటలో ఉన్న లాభమిది.

ఇతర దేశాల అనుభవం

అమెరికాలో మిస్సోరీ నుండి కాలిఫోర్నియా వరకు గుర్రపు రౌతులు జాబులు మోసిన పోనీ ఎక్స్‌ప్రెస్ సర్వీసు 1860 ఏప్రిల్‌లో మొదలై 1861 అక్టోబరులో, తంతి వ్యవస్థ పూర్తికాగానే ముగిసినది. నడచినది పద్దెనిమిది నెలలు. అయినా దాని పేరిట జాతీయ సంఘం ఒకటి నేటికీ ప్రతి సంవత్సరం అదే దారిలో అంచెల సవారీ నిర్వహిస్తున్నది. బ్రిటనులో 1737 నుండి 1969 వరకు తపాలా నియామకాల పుస్తకాలు భద్రపరచబడి, కుటుంబ చరిత్ర వెదకేవారికి అందుబాటులో ఉన్నవి. మొదటి దానిలో రికార్డు కొద్ది, ఉత్సాహం ఎక్కువ. రెండవ దానిలో ఉత్సవం లేదు గాని పేరు వెదకితే దొరుకును. కల్వకుర్తి వంటి ప్రాంతానికి కావలసినది రెండవ తరహాది. ఏడాదికొకసారి శాలువాలు కప్పి, ఫోటోలు దిగి విడిపోయే సంఘాలు మనకు కొరత లేదు.

సంఘం నమోదు

రాష్ట్రంలో సంఘాల నమోదు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం (35వ చట్టం) క్రింద జరుగును. తెలంగాణ ప్రాంతంలో అంతకు పూర్వం అమలులో ఉన్నది 1350 ఫసలీ నాటి, అనగా 1940-41 నాటి, పబ్లిక్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం. ఏడుగురికి తక్కువ కాకుండా సభ్యులు కలిసి సంఘం పేరు, ఆశయాలు తెలిపే మెమొరాండం, నియమావళి తయారుచేసుకొని నిర్ణీత రుసుముతో సొసైటీల రిజిస్ట్రారుకు సమర్పించవలెను. విజ్ఞాన వ్యాప్తి, సంస్కృతి పరిరక్షణ ఈ చట్టం అంగీకరించే ఆశయాలే. సంఘం ఆస్తిని, మిగులును సభ్యులు పంచుకొనరాదు. ప్రతి సంవత్సరం సర్వసభ్య సమావేశం అనంతరం కార్యవర్గ జాబితాను రిజిస్ట్రారుకు దాఖలు చేయవలెను. దీనికి ప్రత్యేక ప్రభుత్వ ఉత్తర్వు కొరకు వేచి ఉండనవసరం లేదు.

నియమావళి రాసేటప్పుడు 'తొలితరం' అన్న మాటకు నిర్వచనం జాగ్రత్తగా ఇవ్వవలెను. 1950 మార్చి 31 వరకు పనిచేసినవారే అని గీత గీస్తే నిజాం తపాలా ఉద్యోగుల కుటుంబాలు మాత్రమే అర్హులగుదురు. కాని అనేక పల్లెలకు తొలి తపాలా డబ్బా వచ్చినది ఆ తరువాతనే. ఆ ఊరివరకు తొలితరం అంటే ఆ డబ్బాను తెరిచిన మొదటి మనిషే. కనుక ఊరికి తపాలా వచ్చిన నాటి నుండి లెక్కించుట న్యాయం. అట్లే ఉద్యోగి హోదాతో నిమిత్తం లేకుండా రన్నరు, సంచిమోత మనిషి, శాఖేతర ఏజెంటు, పోస్టుమాస్టరు కుటుంబాలకు సమాన సభ్యత్వం ఉండవలెను. కుమార్తెల సంతానం కూడా వారసులేనని స్పష్టంగా రాసుకొనుట మంచిది. ఎన్నో ఇళ్ళలో పాత పెట్టె ఆడపడుచుల వద్దనే మిగిలి ఉన్నది.

అసలు పత్రాలను సంఘానికి అప్పగించవలెనన్న నిబంధన పెడితే ఏ కుటుంబమూ ముందుకు రాదు. అసలు ఇంటనే ఉంచి, రెండు వైపులా స్కాను చేసిన ప్రతిని సంఘం వద్ద, మరొక ప్రతిని ఆర్కైవ్స్‌కో, జిల్లా గ్రంథాలయానికో ఇచ్చే పద్ధతి ఆచరణయోగ్యం. జ్ఞాపకాలు నమోదు చేసేటప్పుడు చెప్పినవారి పేరు, వయస్సు, ఊరు, తేదీ, వారి అనుమతి విధిగా రాసుకొనవలెను. సర్వీసు పుస్తకాలలోని కులం, ఆరోగ్యం, శిక్షలకు సంబంధించిన వివరాలను కుటుంబ సమ్మతి లేక ప్రచురించరాదు.

సంఘం కార్యక్షేత్రం విషయంలో ఒక పరిపాలనాపరమైన చిక్కు కలదు. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో కల్వకుర్తి, వెల్దండ, వంగూరు నాగర్‌కర్నూల్ జిల్లాలోకి, ఆమనగల్లు, మాడ్గుల, తలకొండపల్లి రంగారెడ్డి జిల్లాలోకి వచ్చినవి. వాగు ఆవలి డిండి, దేవరకొండ నల్లగొండలోనే కొనసాగుతున్నవి. పాత కాగితాలలో మాత్రం ఈ ప్రాంతంలో అధికభాగం మహబూబ్‌నగర్ జిల్లా అనే ఉండును. 1972 ఆగస్టు 15న ప్రవేశపెట్టిన పిన్‌కోడ్ విధానంలో కల్వకుర్తికి వచ్చిన 509324 మాత్రం జిల్లా మారినా మారలేదు. కనుక నియమావళిలో కార్యక్షేత్రాన్ని ఒక జిల్లా పేరుతో గాక, పూర్వపు మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల పరిధి అని పేర్కొనుట, కుటుంబాల జాబితాలో ప్రతి ఊరికి పాత తాలూకా, నేటి మండలం, పిన్‌కోడ్ మూడింటినీ పక్కపక్కన రాయుట అవసరం.